గాడిదకి రిపేరు

“మూడో వంతెన దగ్గర గాడిద మళ్లీ ఆకాశంలోకి పోయింది!” యజమాని బల్ల గుద్దాడు. కంప్యూటర్ తెర మీద గాడిద చుక్కంత అయింది. తర్వాత అదీ లేదు. “శుక్రవారం పదింటికి ఈ ఆట మళ్లీ విడుదల చేస్తున్నామని లోకమంతా చాటాం. దాన్ని కిందికి దించవయ్యా!”

ప్రోగ్రామర్ కదల్లేదు. ఆట రాసింది అతనే. మూటలు మోసే గాడిదని ఏడు వంతెనలు దాటించాలి. అంతే ఆట.

“దించాలంటే సోర్స్ కోడ్ కావాలి సార్.”

“తియ్యి మరి.”

“లేదు సార్.”

“లేదంటే?”

“మనం రాసుకున్న అసలు ప్రతి సార్ అది. పోయింది. అది లేకుండా గాడిద తోక కూడా కదపలేం.”

“ఎక్కడ పోయింది?”

“అది తెలిస్తే వెళ్లి తెచ్చుకునేవాణ్ని కద సార్.”

యజమాని ముఖం కందగడ్డలా అయింది. గదిలో అటూ ఇటూ నాలుగుసార్లు తిరిగాడు.

“పోనీ, ఆటకి ‘ఎగిరే గాడిద’ అని పేరు మార్చేద్దామా?”

“ఎగిరితే పర్లేదు సార్. దిగదు.”

“అయితే విను. శుక్రవారం అది వంతెన దాటాలి. దాటలేదా, నువ్వు ఈ గుమ్మం దాటు. మళ్లీ రాకు.”

అప్పటికే బుధవారం. ప్రోగ్రామర్ ఇంట్లో ఇద్దరు పిల్లలు, మంచం పట్టిన మామగారు.

“ఒక దారుంది సార్. నెట్‌లో ‘చీపురు’ అని ఒకరున్నారు. ఆడేవాళ్లంతా ఆ చీపురు చేసిన రిపేరు వేసుకునే ఆడుతున్నారు. అందులో గాడిద ఎగరదు. ఏట్లో మునగదు. గోడల్లోంచి దూరి పోదు.”

“చీపురా? మనం నోటీసులు పంపిన చీపురేనా?”

“ఆరు పంపాం సార్. మా ఆట ముట్టుకుంటే కోర్టుకి ఈడుస్తామని.”

“ఎవడు పంపమన్నాడయ్యా?”

“మీరే సార్.”

యజమాని కిటికీ తలుపు మూసొచ్చాడు. “చెప్పాపెట్టకుండా వాడేసుకుంటే?”

“ఆ ఆరు నోటీసులూ నెట్‌లో పెడితే మన పరువు గాడిద వెనకే పోతుంది సార్.”

“సరే. అడిగి చావు.”

ప్రోగ్రామర్ అడిగాడు. నిమిషంలో జవాబు వచ్చింది. “ఇన్నాళ్లకి తీరిందా? రేపు పొద్దున రండి. చీటీ తేవడం మర్చిపోకండి.” కింద చిరునామా.

“చీటీ ఏంటయ్యా?”

“క్షమాపణ అయ్యుంటుంది సార్. ఆరు నోటీసులు మరి.”

లాయరు చేత మూడు పేజీల క్షమాపణ రాయించారు. అలవాటు కొద్దీ లాయరు అందులో కూడా ఒకచోట ‘కోర్టుకి ఈడుస్తాం’ అని రాశాడు. కొట్టేయించారు.

పొద్దున్నే వెళ్తే అదొక రిపేరు కొట్టు. గోడలకి అరలు. అరల నిండా మిక్సీలు, ఇస్త్రీపెట్టెలు, రెక్కల్లేని ఫ్యాన్లు. టంకం పొగ ముక్కుకి కొడుతోంది. బల్ల వెనక యాభై దాటిన ఆవిడ, కళ్లద్దాలు నుదుటి మీదికి తోసి, మోటారుకి తీగ చుడుతోంది.

“అమ్మా, ఇక్కడ చీపురు గారంటే...”

“నేనే. కూర్చోండి. ఆ స్టూలు వద్దు, పడేస్తుంది.”

యజమాని అప్పటికే పడ్డాడు. లేచి, వెనక దులుపుకుని, క్షమాపణ అందించాడు. ఆవిడ నాలుగు ముక్కలు చదివి, మూడు పేజీలూ కలిపి మడిచి స్టూలు కాలి కింద పెట్టింది. ఊపి చూసింది. స్టూలు కదల్లేదు.

“బాగుంది. చీటీ ఏది?”

“అదేనమ్మా. నోటీసుల సంగతి మనసులో పెట్టుకోకండి.”

“ఎందుకు పెట్టుకుంటాను బాబూ? మీ కోపం న్యాయమే. ఆలస్యమైంది మరి.”

ఇద్దరూ ముఖముఖాలు చూసుకున్నారు. ప్రోగ్రామర్ ఇక ఆగలేకపోయాడు.

“అమ్మా, రేపు పదింటికి గాడిద వంతెన దాటకపోతే నా ఉద్యోగం ఊడుతుంది. మీ రిపేరు మాకివ్వండి. ఆట మొదట్లో మీ పేరు పెద్ద అక్షరాలతో వేస్తాం.”

“పేరెందుకు? తీసుకెళ్లండి. మీదేగా.”

యజమానికి కళ్లు చెమర్చాయి. “మా ఆటంటే ఎంత ప్రేమమ్మా మీకు! రోజూ ఆడతారా?”

“ఒక్కసారీ ఆడలేదు. నాకు గాడిదలంటే పడదు. చేసింది నెట్‌లో పెడితే, బాగైందో లేదో జనమే ఆడి చెప్తారు.”

“మరి ఈ ప్రోగ్రాం రాయడం?”

“నేర్చుకున్నాను. మోటారు చుట్టడం కంటే సులువే.”

“ఆడని ఆటకి ఇంత తంటా ఎందుకు పడ్డారమ్మా?”

“గుమ్మంలోకొచ్చిన పని వదలను.”

ఆవిడ లేచింది. పై అరలోంచి ఓ పాత కంప్యూటర్ పెట్టె దించి, గుడ్డతో తుడిచి బల్ల మీద పెట్టింది. పెట్టె నెత్తిన కాగితం అంటించి ఉంది. ‘గాడిద ఆట. అసలు కోడ్. ఎవరూ ముట్టుకోరాదు.’ ప్రోగ్రామర్ చేతిరాతే. పక్కన దారంతో కట్టిన కొట్టు చీటీ, ఆవిడ అడిగినదాని రెండో సగం. ‘పనిచేయడం లేదు’ అని రాసుంది. దాని కింద పదకొండేళ్ల కిందటి తేదీ, యజమాని సంతకం.

ప్రోగ్రామర్ పెట్టెని రెండు చేతులా వాటేసుకున్నాడు. యజమాని తన సంతకాన్ని వేలితో రుద్ది చూశాడు. పోలేదు.

“మరి... ఇన్నేళ్లూ ఒక్క కబురైనా చేయలేదేమమ్మా?”

“పని పూర్తి కాందే ఎవరికీ కబురు చేయను బాబూ,” అంది ఆవిడ. “పాడైంది స్విచ్చు, అది ఆ సాయంత్రమే మార్చేశాను. ఆ గాడిదకే పదకొండేళ్లు పట్టింది.”