ద్రాక్షసారా పోయించని మనిషి

పొద్దుగూకే వేళకి ఆ బట్టతల మనిషి మళ్ళీ వచ్చాడు. ఒరోసియా ఇంటి ఎదురుగోడకి ఆనుకుని నిలబడ్డాడు.

గిటార్లు వాయిస్తూ కుర్రాళ్ళు సందులోకి తిరిగారు. ద్రాక్ష కోతలయ్యాక ఆ ఊళ్ళో సాయంత్రాలన్నీ ఇంతే. పెళ్ళికెదిగిన పిల్ల ఉన్న ప్రతి కిటికీ కిందా ఆగి హోతా అనే జానపద పాట పాడతారు, ఎగిరెగిరి ఆడతారు.

ఒరోసియా కిటికీ కింద మాత్రం లాంబెర్తో ఒక్కడే పాడాలి. చలికాలం పోగానే వాళ్ళ పెళ్ళి.

అతను పాడుతున్నంతసేపూ బట్టతల మనిషి కళ్ళు మూసుకున్నాడు. పైనుంచి ఒరోసియా జవాబు అందుకోగానే కళ్ళు తెరిచి కిటికీకేసి చూశాడు.

లాంబెర్తో కడుపు భగ్గుమంది.

"రేపట్నుంచి కిటికీ తెరవకు. పాట కూడా వద్దు," అన్నాడు ఆమెతో.

"ఎందుకట?"

"వాడు నీకోసమే వస్తున్నాడు!"

"వస్తే నా కిటికీ అరిగిపోయిందా?"

ఆమె నవ్వింది. ఆ నవ్వుతో అతనికి ఇంకా మండింది. అసూయ పట్టినవాడి ముందు నవ్వకూడదని ఆ పిల్లకి తెలీదు.

మర్నాడు కుర్రాళ్ళని వెంటేసుకెళ్ళి ఆ మనిషిని అడ్డగించాడు.

"ఏవయ్యా పెద్దమనిషీ, ఏ ఊరు?"

"మద్రిద్."

"మా ఊరి పిల్లని కోరి వచ్చే పైఊరివాడు ముందు మాకు ద్రాక్షసారా పోయించాలి. తెలుసా?"

"తెలుసు. పోయించను."

"అంత పిసినారివా?"

"పోయిస్తే ఆ పిల్లకోసం వచ్చానని ఒప్పుకున్నట్టే. రేపు ఆమెకి మాటొస్తుంది. నేనొచ్చింది గొంతుకోసం."

"విన్నార్రా! పిల్ల వద్దట, పిల్ల గొంతు చాలట!"

అందరూ గొల్లున నవ్వారు.

"అది కాదు బాబూ, నీతో ఒక్క మాట..."

"సారా పోయించనివాడికి నీళ్ళే గతి! పట్టండ్రా!"

కాళ్ళూ చేతులూ పట్టి మోసుకెళ్ళి పశువుల తొట్టిలో వేశారు. ఆ రాత్రి లాంబెర్తో హాయిగా నిద్రపోయాడు.

తెల్లారి కంచరగాడిదల బండెక్కి ఆ మనిషి ఊరు దాటాడు.

"వెళ్ళేముందు ఆయన..." అని ఒరోసియా ఏదో చెప్పబోయింది. లాంబెర్తో నిప్పు తొక్కిన కోతిలా ఎగిరాడు. ఆ వారమంతా ఆ సందు మొహమే చూడలేదు. ఇంకెప్పుడూ ఆమె ఆ ఊసెత్తలేదు.

పెళ్ళయింది. వేసవి మొదట్లో ఇద్దరూ సరగోసా వెళ్ళారు. మద్రిద్ నుంచి వచ్చిన కొత్త పాటల నాటకం గురించే పట్నమంతా చెప్పుకుంటోంది. అందులోని హోతాని రొట్టెలమ్మే ఆడవాళ్ళు కూడా కూనిరాగం తీస్తున్నారు.

చవక టిక్కెట్లు కొని పై అంతస్తు బల్లమీద కూర్చున్నారు.

కింద వాద్యగాళ్ళ ముందు నిలబడి కర్ర ఊపుతున్నది ఆ బట్టతల మనిషే!

"ఈ సంగీతమంతా కట్టింది ఆయనేనండీ," అన్నాడు పక్కాయన గొప్పగా.

లాంబెర్తో టోపీ కళ్ళమీదికి లాక్కున్నాడు.

హోతా వంతు వచ్చింది. దీపాల ముందుకొచ్చి పాడినవాడు ఎవరో కాదు, పొరుగూరి బ్లాస్. ప్రతి పోటీలోనూ లాంబెర్తో చేతిలో ఓడినవాడు. జనం ఈలలు వేసి మళ్ళీ పాడించారు.

"మేక గొంతు వెధవ!" అని పళ్ళు నూరాడు లాంబెర్తో.

పక్కకి చూశాడు. ఒరోసియా పెదాలు ఆ పాటే పాడుతున్నాయి. ఈసారి అసూయని సిగ్గు మింగేసింది. ఆమె చెయ్యి పట్టుకున్నాడు.

"నన్ను క్షమించవే. నీ గొంతుకోసం అంతదూరం వచ్చిన మనిషిని తొట్టిలో ముంచాను. లేకపోతే ఇవాళ ఆ దీపాల ముందు నువ్వే ఉండేదానివి."

ఒరోసియా అతనికేసి వింతగా చూసింది.

"నేనా? ఆ రాత్రి మా పొయ్యి దగ్గర చొక్కా ఆరబెట్టుకుంటూ నా పాట సంగతే ఎత్తలేదాయన, 'నీ కిటికీ కింద పాడినంత బాగా ఇంకెక్కడా పాడడమ్మా ఆ కుర్రాడు, నాతో మద్రిద్ వస్తాడేమో నువ్వైనా అడుగు' అన్నాడు."