పన్నెండో సారీ

ఆరేళ్ల తర్వాత మా అన్న క్లిఫర్డ్ ఇంటి తలుపు తట్టాను. అంతటి మర్యాదస్థుడు లీడ్స్ ఊరు మొత్తంలో లేడని చుట్టుపక్కల వాళ్లందరూ అంటారు.

"సారీ మోరీన్, తలుపు తీయడం ఆలస్యమైంది."

నిజానికి నేనే పది నిమిషాలు ముందు వచ్చాను. లోపలికి నడుస్తూ అతని కాలు తొక్కింది కూడా నేనే. దానికీ అతనే సారీ చెప్పాడు. కుక్కను దాటుతూ దానికొకటి చెప్పాడు. టీ పలచనైందని సారీ, చక్కెర తక్కువైందని సారీ, బిస్కెట్లు మెత్తబడ్డాయని సారీ, కుర్చీ కిర్రుమందని సారీ, గది చల్లగా ఉందని సారీ. బయట వాన పడుతున్నందుకు కూడా సారీ! ఆ వానను తనే కబురు పెట్టి రప్పించినట్టు.

మా ఇంగ్లీషువాళ్ల దేశంలో ఈ మాట తుమ్ములాంటిది. దానంతటదే వచ్చేస్తుంది.

గోడ దగ్గర అమ్మ పియానో ఉండే చోటు ఇంకా ఖాళీగానే ఉంది. మా మధ్య మాటలు ఆగిపోయింది దాని వల్లే. ఇద్దరం అటే చూశాం. రావలసిన సారీ మాత్రం రాలేదు.

"సారీ, ఇంకో కప్పు పోయనా?"

"చాలు అన్నయ్యా! ఎన్ని సారీలు చెప్తావు? నోరు నొప్పి పుట్టదూ?"

"సారీ," అన్నాడు. అది పదకొండోది.

కోటు తొడుక్కుని బయటికొచ్చేశాను. గొడుగు తెరుస్తూ గేటుకు కొట్టుకున్నాను.

"సారీ," అన్నాను గేటుతో.

అక్కడే నిలబడిపోయాను. క్లిఫర్డ్ ఆస్పత్రిలో ఉండగా, అతను రోజూ వాయించుకునే ఆ పియానోను ఒక్క మాటైనా అడక్కుండా అమ్మేసింది నేను. ఆ సారీ చెప్పడానికే ఇవాళ వచ్చాను.

గేటుకు చెప్పి, వెళ్లిపోయాను.