చుక్క తొట్టి

తొమ్మిదో రోజు పొద్దున చుక్క లేవలేదు.

ఆ పరిశోధన క్షేత్రంలో దూడల్ని చూసుకునే మనిషిని అందరూ షెడ్డక్క అనే పిలుస్తారు. ఆమె చుక్క తల ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. ముక్కు ఎండిపోయింది. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. పుట్టిన రోజే తల్లి చచ్చిపోతే, సీసాతో పాలు పట్టి బతికించింది ఈ దూడని. నుదుటి మీద తెల్లమచ్చ చూసి తనే పేరు పెట్టింది.

"లేవే తల్లీ, లేవే! నన్నిలా చంపకే," అంటూ ఏడ్చింది.

షెడ్డులో మిగతా తొమ్మిదీ మేత కోసం గొంతు చించుకుంటున్నాయి. వాటి ఆకలి చూస్తే ఆమెకు కడుపు మండిపోయింది. పాపం, వాటి తప్పేముంది!

అసలు ఈ గొడవంతా మొక్కజొన్నతో మొదలైంది. ఊపిరితిత్తుల జబ్బుతో ఎక్కడికక్కడ దూడలు చచ్చిపోతుంటే, క్షేత్రంలో పరిశోధన చేసే డాక్టరమ్మ ఒక విత్తనాన్ని మార్చి, ఆకులోనే టీకా మందు తయారయ్యేలా చేసింది. సూదీ గీదీ అక్కర్లేదు, పచ్చిమేత తింటే చాలు. నిజమో కాదో తేలాలి కదా! ఇరవై దూడలకు చీట్లు వేసి రెండు షెడ్లకు పంచారు. ఎడమ షెడ్డుకు ఎర్రతాడు కట్టిన మేత, కుడి షెడ్డుకు తెల్లతాడు కట్టినది. ఒకటి మందు పైరు, ఒకటి మామూలు పైరు. ఏది ఏదో రాసిన కాగితం ముద్ర వేసిన కవర్లో, ఆఫీసు బీరువాలో ఉంది. మూడు నెలలు మేపాక అన్నిటికీ ఒకే రోజు జబ్బు క్రిమి ఎక్కిస్తారు.

చుక్క చీటీ కుడి షెడ్డుకు పడింది.

"ఎర్రతాడుదే మందురా," అంది అక్క ఆ రోజే, మేత బండి తోలే తన తమ్ముడితో. "ఆ ఆకు చూడు, ఎంత నల్లగా నిగనిగలాడుతోందో! తెల్లతాడుది పీలగా ఏడుస్తోంది."

"ఆకు చూసి మందు చెప్పేదానివైతే డాక్టరమ్మకు అంత చదువెందుకే అక్కా?"

"పోరా! ఇరవై ఏళ్లుగా మేత కోస్తున్నా, నాకు తెలీదా?"

చుక్కని ఎడమ షెడ్డుకు మార్చమని డాక్టరమ్మని కాళ్లావేళ్లా పడి బతిమాలింది.

"ఏది ఏదో నాకే తెలీదక్కా. తెలిస్తే నా చెయ్యి కూడా చుక్క వైపే లాగుతుంది. అందుకే ఆ కవరు," అంది డాక్టరమ్మ.

అక్క రెండు రోజులు అన్నం ముట్టలేదు. మూడో రోజు నుంచి మామూలు మనిషైపోయింది. అమ్మయ్య, సర్దుకుంది అనుకున్నారంతా. మేత పాక తాళం ఆమె దగ్గరే ఉండేది. పొద్దున్నే వచ్చి తొట్లన్నీ నింపేది. చుక్క ఆఖరి ఆకు నమిలేదాకా పక్కనుంచి కదిలేది కాదు.

"కన్నకూతురికి కూడా ఇంత చేసుండవు," అని తమ్ముడు వేళాకోళం చేసేవాడు.

"కూతురుంటే చేసేదాన్నేరా," అనేది.

క్రిమి ఎక్కించాక ఒక షెడ్డు మనుషులు ఇంకో షెడ్డు గడప తొక్కకూడదన్నారు. ఎడమ షెడ్డులో ఏం జరుగుతోందో ఆమెకు తెలీదు. తన షెడ్డులో మాత్రం నాలుగో రోజుకే చుక్కకి జ్వరం వచ్చింది.

"దీనికెందుకొచ్చిందమ్మా? దీనికి రాకూడదే!" అంటూ డాక్టరమ్మ చెయ్యి పట్టుకుని ఊపేసింది.

"ఎందుకు రాకూడదక్కా?"

అక్క గబగబా తడిగుడ్డ తెచ్చి చుక్క నుదుటి మీద వేసింది.

ఆ జ్వరం మరి తగ్గలేదు. తొమ్మిదో రోజు ఎండెక్కేసరికి ఆమె ఒళ్లోనే చుక్క ప్రాణం పోయింది. అక్క ఏడుపు విని దూడలు కూడా అరవడం మానేశాయి.

మధ్యాహ్నం ఆఫీసులో కవరు తెరిచారు. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని వచ్చి, చుక్క పక్కన కూలబడింది. ఆవిడ కళ్లూ ఉబ్బి ఉన్నాయి.

"తెల్లతాడుదే మందక్కా. ఎడమ షెడ్డులో పదింటికీ జబ్బొచ్చింది, ఆరు పోయాయి. ఇక్కడ తొమ్మిదీ నిక్షేపంగా ఉన్నాయి. నీ చుక్కనొక్కదాన్నే నా పైరు కాపాడలేకపోయింది. నువ్వు చేతులారా మేపుకున్నావు, అన్యాయం చేసింది నేను. నన్ను క్షమించక్కా."

మూడు నెలల పాటు, రోజూ అందరికంటే ముందొచ్చి, చుక్క తొట్టిలో తెల్లతాడు మేతకి బదులు ఎర్రతాడు మేత వేసిన ఆ రెండు చేతుల్నీ అక్క షెడ్డులో వేసుకునే కోటు జేబుల్లో దాచుకుంది.