సౌండు తగ్గించు

"ఈ పిల్లకి ఏడవడం చేతకాదు, ముందుకు జరుపు," అంది అత్తగారు, మొదటి ఎపిసోడ్ సగంలోనే. వంక పెట్టకుండా ఆవిడ ఏ సిరీసూ చూడదు.

"కాస్త ఓపిక పట్టమ్మా. ఆ హీరోయిన్‌కి డబ్బింగ్ చెప్పింది నీ కోడలే," నవ్వాడు కొడుకు.

కోడలు సోఫా చివర కూర్చుని బట్టలు మడతపెడుతోంది.

తెర మీద ఆ పిల్ల గడియ పెట్టుకుని, దిండులో మొహం దాచుకుని ఏడ్చింది. మధ్యలో ఊపిరి బిగబట్టి, ఎవరూ వినలేదని నమ్మకం కుదిరాక మళ్లీ మొదలెట్టింది.

"భలే ఏడ్చావు," భార్యను మెచ్చుకున్నాడు కొడుకు.

అత్తగారు అతని చేతిలోంచి రిమోట్ లాక్కుంది.

"ఉండరా. ఈ ఏడుపు నేను విన్నాను. మీ గదిలోంచే వస్తుంటుంది. ఏదో ఏడుపుగొట్టు సిరీస్ చూస్తోందనుకుని, సౌండు తగ్గించమని గోడ మీద కొట్టేదాన్ని."

కొడుకు నవ్వు ఆగిపోయింది. భార్య వైపు చూడలేక ఫోన్ తీసుకున్నాడు.

"తగ్గించేదాన్నిగా అత్తయ్యా," అంది కోడలు, అతని చొక్కా మడతపెడుతూనే.

ఎపిసోడ్ అయిపోయింది. తర్వాతిది దానంతటదే మొదలైంది. రిమోట్ అత్తగారి చేతిలోనే ఉంది. ఏది నొక్కితే ఆగుతుందో ఆవిడకు తెలియలేదు.