తప్పు పళ్ల మాస్టారు

ఆటల బడిలో ఎవరో మీసాలాయన పసిపిల్లలకు పళ్ల పేర్లన్నీ తప్పు నేర్పుతున్నాడట.

పక్కింటావిడ డాబా మీద బట్టలారేస్తూ అన్నదట. ఆవిడ నోట్లో నువ్వుగింజ నానదు. ఆడపడుచు అంట్లు తోమడం ఆపి మరీ వచ్చి, ఆ మాట కండక్టరమ్మ చెవిన వేసింది.

"ఆపిల్ పట్టుకుని అరటిపండు అంటాడట వదినా. ఆవిడ మరదలు కళ్లారా చూసిందట."

"ఒప్పు మాటే రాక నేనేడుస్తుంటే, తప్పు మాటలు కూడానా?" అంది కండక్టరమ్మ.

బస్సు కిక్కిరిసి ఉన్నా చివరి సీటు దాకా వినిపించే గొంతు ఆమెది. కొడుకు బుడ్డోడికి మూడో ఏడు నిండబోతున్నా నోట ఒక్క మాట లేదు. నడక కూడా ఆలస్యమే.

"ఇంటిల్లిపాది నోరూ నువ్వే తెచ్చేసుకున్నావు, వాడికేం మిగిలింది?" అని ఆడపడుచు వేళాకోళమాడితే నవ్వేసేది. లోపల మాత్రం ఒకటే తపన. వాడు 'అమ్మ' అనకపోయినా ఫరవాలేదు, ఏదో ఒక మాట అంటే చాలు.

రోజూ ఆడపడుచు వాణ్ణి బడి గుమ్మంలో దింపి వచ్చేసేది. మర్నాడు కండక్టరమ్మ డ్యూటీ మార్చుకుని తనే తీసుకువెళ్లి, సరాసరి లోపలికే నడిచింది.

బడి అంటే ఒక పెద్ద గది. మాటలోనూ నడకలోనూ వెనకబడ్డ పసివాళ్లు చాప మీద పళ్లతో కుస్తీ పడుతున్నారు. ఒకడు వాలుగా పెట్టిన చెక్క మీంచి కమలాపళ్లు దొర్లిస్తున్నాడు. ఒకతె నీళ్లతొట్టిలో ద్రాక్షపళ్లకు స్నానం చేయిస్తోంది. ఇంకొకడు అరటిపండు పిసికి మోచేతుల దాకా పూసుకున్నాడు.

"పేరు తర్వాత వస్తుందమ్మా. ముందు చేతికి తెలియాలి, ముక్కుకు తెలియాలి" అని టీచరమ్మ తుడిచే గుడ్డ కోసం పక్కగదిలోకి వెళ్లింది.

చాప నడుమ ఆ మీసాలాయన కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుని దర్జాగా కూర్చున్నాడు. ఎడమచేత్తో ఆపిల్ ఎత్తి, కాసేపు ఆలోచించి అన్నాడు.

"నిమ్మకాయ."

పిల్లలు పడీపడీ నవ్వారు. కళ్లజోడు పిల్ల "కాదు" అని అరిచింది. బుడ్డోడు ఆయన మోకాలెక్కి, ఆపిల్ లాక్కుని, వాసన చూడమన్నట్టు ఆయన ముక్కుకు ఆనించాడు.

ఆయన నవ్వి మళ్లీ ఆలోచించాడు.

"అరటి... బస్సు."

కండక్టరమ్మకు ఒళ్లు మండింది.

"ఏమండీ మాస్టారూ, పళ్ల పేర్లు రానివాళ్లకు పిల్లల పాఠాలెందుకండీ? ఇక్కడ ఒక్కొక్కళ్లం ఒక్క మాట కోసం కాచుకుని ఉన్నాం. మీకు వేళాకోళంగా ఉందా?"

ఆయన నోరు తెరిచాడు. మళ్లీ మూశాడు.

"జవాబు చెప్పండి. మీసాలు మాత్రం బారెడున్నాయిగా."

ఆయన ఆపిల్‌ను పదిలంగా బుడ్డోడి ఒళ్లో పెట్టి, గోడ పట్టుకుని లేచి, మెల్లగా వెళ్లిపోయాడు.

రోగం కుదిరిందనుకుంది కండక్టరమ్మ. ఇంటికొచ్చి గెలుపు కథలా చెప్పుకుంది.

సెలవు రోజు పాఠం తనే మొదలుపెట్టింది. పళ్లు వరసగా పేర్చింది.

"ఇదేంటి? ఆపిల్. అను. ఇదేంటి? కమలా. అను."

బుడ్డోడు గోడకేసి తిరిగిపోయాడు.

"టికెట్టు లేనివాణ్ణి పట్టుకున్నట్టు నిలదీస్తావేంటి వదినా" అంటూ ఆడపడుచు వాణ్ణి ఒళ్లోకి లాక్కుంది. కమలాపండు చేతిలోకి తీసుకుని సరదాకి అంది. "రారా నాన్నా, మనం ఈ గుమ్మడికాయ తిందాం."

బుడ్డోడు ఆమె మొహంలోకి చూశాడు. పండు లాక్కుని ఆమె ముక్కుకు ఆనించాడు.

"కాదు" అన్నాడు.

కండక్టరమ్మ చేతిలోని ఆపిల్ జారి మంచం కిందికి దొర్లింది. ఎవరూ తీయలేదు.

"మళ్లీ తప్పు చెప్పవే" అంది కండక్టరమ్మ.

"దోసకాయ" అంది ఆడపడుచు.

"కాదు. కాదు."

ఎంతమంది ప్రయాణికుల్ని చూసిన మనిషి! ఆమెకు గుట్టు ఇట్టే తెలిసిపోయింది. పరీక్ష పెట్టేవాళ్లకు వీడు చెప్పడు. తెలియక తికమకపడే మనిషిని చూస్తే మాత్రం ఊరుకోలేడు. వాడికి కావలసింది పంతులు కాదు, వాడే పంతులయ్యే చోటు. ఆ కిటుకు తెలిసిన మనిషిని తను నోటితో తరిమేసింది.

అయితేనేం, చేసిన తప్పు దిద్దుకోలేనిదా తను?

మర్నాడు సంచీ నిండా పళ్లతో బడికి వెళ్లింది. చాప నడుమ ఎవరూ లేరు. బుడ్డోడు ఒక బత్తాయి తీసుకెళ్లి అక్కడ పెట్టి, తలుపు వైపు చూస్తూ కూర్చున్నాడు.

"టీచరమ్మా, ఆ మాస్టారి ఇల్లెక్కడో చెప్పండి. నేనే వెళ్లి, చెంపలేసుకుని, చెయ్యిపట్టుకుని తీసుకొస్తాను. మా వాడికి మాటొచ్చింది. ఏమీ తెలియనట్టు అంత నిజంగా నటించే మాస్టారు నాకింకెక్కడ దొరుకుతారు?"

టీచరమ్మ సంచీ అందుకోలేదు.

"నటన కాదండీ. ఆయన మాస్టారూ కాదు. పక్షవాతం వచ్చి మాటలన్నీ కలగాపులగమైపోతే, ఈ పిల్లల దగ్గర నేర్చుకోవడానికి వచ్చేవారు. ఆ రోజు నుంచి ఇంట్లో కూడా నోరు తెరవడం లేదట."