గార్ల అంబులెన్సు

మహబూబాబాద్ వైద్యశాఖ ఆఫీసులో సౌజన్య కంప్యూటర్‌లో మ్యాపు తయారుచేసి, అంబులెన్సు వేళకు చేరలేని ఊళ్లకు ఎర్రరంగు వేసింది. అడవి వైపంతా ఎర్రబడింది. పట్టుబట్టి, తన సొంతూరు గార్లలో ఉండే అంబులెన్సు బండిని అటు మార్పించింది.

నెల తిరక్కముందే గార్లలో ఆమె తండ్రికి గుండెనొప్పి వచ్చింది. బండి చేరేసరికే ప్రాణం పోయింది.

దినాలయ్యాక సౌజన్య తల్లి ఒడిలో పడి ఏడ్చింది.

"అమ్మా, బండిని మళ్ల గార్లకే తెప్పిస్తనే."

"వద్దు బిడ్డా," అంది కనకమ్మ. "ఆ పొద్దు ఎందుకు ఆలస్యమైందని డ్రైవర్‌ను అడిగిన. అడవి దిక్కు ఓ పిల్లకు కాన్పు కష్టమైతే దవాఖానకు తీస్కపోయిండట."

కొంగుతో కళ్లు తుడుచుకుంది.

"నిన్న ఆ పిల్ల ఇంటికి పోయిన. తిట్టాల్ననే పోయిన. పసిగుడ్డును నా చేతుల పెట్టిన్రు. ఇగ ఎవల్ని తిట్టాలె బిడ్డా?"