కంబన్న మాత్రలు

“ఈ మాత్రలు నిజంగా నీ మొగుడికే పెడుతున్నావా?”

డాక్టరమ్మ గిడ్డమ్మను అడిగింది. పక్కనే చక్రాల కుర్చీలో కంబన్న తుంటి పట్టుకుని మూలుగుతున్నాడు. క్యాన్సరు ఎముకల్లోకి పాకింది. ఆలూరు దగ్గరి పల్లె నుంచి కర్నూలు ఆసుపత్రి దాకా బస్సులో వచ్చేసరికి, రోడ్డు మీది ప్రతి గుంత దగ్గరా ఆయన ప్రాణం పోయి వచ్చింది.

“అదేం మాటమ్మా! పూట తప్పకుండా నా చేత్తోనే పెడ్తాండా. సుంకులమ్మ తల్లి మీద ఒట్టు.”

“మరి నొప్పి రవ్వంత కూడా తగ్గలేదంటున్నాడే. అది మార్ఫిన్. గట్టి మందు. లోపలికి పోతే మనిషికి తెలియకుండా ఉండదు.” డాక్టర్ మధులత కంబన్న వైపు తిరిగింది. “పెద్దాయనా, కూర్చున్న చోటే కునుకు పడుతోందా?”

“కునుకా? కన్ను మూసి పదైదు దినాలాయ తల్లీ.”

“కడుపులో తిప్పుతోందా? ఒళ్లు దురద?”

“లేదమ్మా.”

“దొడ్డికి?”

“పొద్దున లేస్తానే పోతా. అదొక్కటే సక్కంగ ఉండాది.” కంబన్న కాస్త ఆలోచించాడు. “నోరు మాత్రం శానా చేదు. తట్టలో పెట్టిన సంగటి నాలుగు ముద్దలు గూడా తినలేకపోతాండా.”

గిడ్డమ్మ ముక్కు గోక్కుంటూ వింటోంది. వింటోందన్న మాటే గానీ, మాటలు ఎక్కడో బావిలోంచి వస్తున్నట్టున్నాయి. గోడ మీది క్యాలెండరులో అంకెలు చీమల్లా కదులుతున్నాయి. పది రోజులుగా ఇదే వరస. పొయ్యి ముందు కూర్చుంటే అక్కడే తల వాలిపోతుంది. మొన్న గడపలో ఎవరో నిలబడి నవ్వుతుంటే, రాప్పా కూచో అని చాప పరిచింది. తీరా చూస్తే అది దండెం మీద ఆరేసిన పంచె. తనకూ నోరు చేదే. పైగా ఐదు రోజులుగా కడుపు కదలలేదు. ఆ సంగతి ఇంతమందిలో ఎలా చెప్పుకుంటుంది? రోగం ఆయనది, మధ్యలో తన గోల ఎవరిక్కావాలి? మొగుడి రోగమే తనకూ అంటుకుందేమోనని ఒక భయం మాత్రం లోపల లోపల పీకుతోంది.

“సరే, మోతాదు రెట్టింపు రాస్తున్నా,” అంటూ డాక్టరు పెన్ను తీసింది.

“ఒక్క నిమిషం మేడం,” అంది నర్సు రత్నమణి. ఆమె ఇందాకటి నుంచీ కంబన్నను కాదు, గిడ్డమ్మను చూస్తోంది. దగ్గరికొచ్చి, గడ్డం పట్టుకుని పైకెత్తి, కళ్లలోకి టార్చి వేసింది. “ఈమె కంటిపాపలు చూడండి. సూదిమొనల్లా ఉన్నాయి.”

డాక్టరు వంగి చూసింది. మొహం గట్టిపడింది. “మాత్రలు నువ్వు మింగుతున్నావా గిడ్డమ్మా?”

“నేనా? నాకెందుకమ్మా? నాకేం నొప్పి?”

“అబద్ధం చెప్పొద్దు. ఆ మత్తు, ముక్కు గోక్కోవడం, ఈ కంటిపాపలు. మందు వల్ల ఆయనలో కనిపించాల్సినవన్నీ నీలో కనిపిస్తున్నాయి. ఇలాగైతే ఈ మాత్రలు ఇక నేను రాయలేను.”

ఒక్క మాత్రంటే ఒక్కటి కూడా గిడ్డమ్మ నోట్లో వేసుకోలేదు. ఆ సంగతి తనకు బాగా తెలుసు. కానీ ఈమధ్య తనకు తెలిసినవన్నీ నిజమేనా? పంచెకు చాప పరిచిన మనిషి, మాత్ర మింగి మరిచిపోలేదని ఎవరు చెప్పొచ్చారు? దిక్కుతోచక మొగుడి వైపు చూసింది.

కంబన్న ఆమెనే చూస్తున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో తిట్టాడు, అలిగాడు గానీ, అలా మాత్రం ఎప్పుడూ చూడలేదు.

“ఏమే,” అన్నాడు మెల్లగా, “నేనీడ నొప్పికి సస్తాంటే, నా మాత్రలు నువ్వు తింటాండావా?”

అంతే, గిడ్డమ్మకు దుఃఖం ఆగలేదు. “తిన్లేదయ్యా! మాత్ర గొంతు దిగదంటివి, నూరి నీ సంగట్లోనే గదా కలుపుతాండా! అన్నంతో ఇయ్యమని ఈ నర్సమ్మే గదా చెప్పింది!”

“అన్నంతో అంటే అన్నం తిన్నాక, నీళ్లతో మింగించమని!” రత్నమణి తల పట్టుకుంది.

డాక్టరు చేతిలో పెన్ను ఆగిపోయింది. రెట్టింపు అని రాసిన చోట అడ్డంగా గీత కొట్టింది. గిడ్డమ్మ వైపు వంగి, గొంతు తగ్గించి అడిగింది.

“ఆయన నాలుగు ముద్దలు కూడా తినలేనంటున్నాడు కదా. మిగిలిన సంగటి ఏం చేస్తున్నావమ్మా? కుక్కకు వేస్తున్నావా?”

గిడ్డమ్మ కొంగుతో కళ్లు తుడుచుకుంది. ఇంతసేపూ దొంగన్నా తట్టుకుంది గానీ, ఈ మాటకు మాత్రం ఆమెకు నిజంగా పౌరుషం వచ్చింది.

“కుక్కకెందుకేస్తానమ్మా? పెండ్లయిన దినం నుంచి ఆయప్ప తట్టలో ఇడిసిపెట్టిందే గదా నేను తినేది!”